ఓర్పు వహించవలసింది ఎవరు?

నవంబరు సగం దాటగానే మా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో గాలి మారుతుంది. సిర్పూర్ (యు), తిర్యాణి మండలంలోని గిన్నెదరి వంటి ఊళ్ళ పేర్లు, రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రత నమోదైన చోట్లుగా పత్రికలలో కనిపించడం మొదలవుతుంది. కాగజ్‌నగర్‌లో ఫజ్ర్ నమాజుకు బయలుదేరేవారు పెట్టె అడుగున ఉన్న శాలువాలు బయటికి తీస్తారు. చాలా ఇళ్ళకు చలికాలమంటే ఇంతే. కొన్ని ఇళ్ళలో మాత్రం తల్లి రాత్రి రెండు మూడుసార్లు లేచి, నిద్రపోతున్న బిడ్డ పాదాలు చల్లబడ్డాయేమోనని తడిమి చూస్తుంది. అవి సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లల ఇళ్ళు.

ఈ వ్యాధి తీరును క్లుప్తంగా చెప్పుకుందాం. ఆరోగ్యవంతుని ఎర్ర రక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉండి, అతి సన్నని రక్తనాళంలోనూ వంగి జారిపోతుంది. సికిల్ సెల్ ఉన్నవారిలో ప్రాణవాయువు తగ్గినపుడు ఆ కణం గట్టిపడి కొడవలిలా వంకర తిరుగుతుంది. మామూలు కణం సుమారు 120 రోజులు బ్రతికితే ఇది పది, ఇరవై రోజులకే నశిస్తుంది కనుక రక్తహీనత కలుగుతుంది. బ్రతికినన్నాళ్ళూ సన్నని నాళాలలో ఇరుక్కుని దారి మూస్తుంది కనుక నొప్పి పుడుతుంది. చలి, దాహం, జ్వరం, అతి శ్రమ, వీటిలో ఏది తగిలినా కాళ్ళ ఎముకలలోనో, వెన్నులోనో, ఛాతీలోనో నొప్పి రేగి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంటుంది. పసిబిడ్డలలో చేతులు, పాదాలు ఉబ్బడంతో ఇది మొదలవుతుంది. 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ దీనిని మొదటిసారి వైద్య పత్రికలో వర్ణించాడు. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనులలో దీనిని గుర్తించారు. మా ప్రాంతంలో గోండు, కోలాం గూడేలలో ఎక్కువగా కనిపిస్తుంది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయాలని సంకల్పించింది. అందులో తెలంగాణ కూడా ఉంది.

"అది అడవి బిడ్డల జబ్బు కదా, మనకేమి సంబంధం?" అని కొందరు అడగవచ్చు. పొరుగువారి హక్కు గురించి ఈ పత్రిక పాఠకులకు నేను వేరుగా చెప్పనక్కరలేదు. పైగా ఈ జన్యువు ఒక్క గిరిజనుల సొత్తు కాదు, ఇతర వర్గాలలోనూ ఉంది. తలసీమియా, హీమోఫీలియా, పిల్లల కీళ్ళవాతం, కేన్సర్ – ఏళ్ళ తరబడి బిడ్డను వదలని వ్యాధులు ఏ మొహల్లాలో లేవు? ఈ నెల సికిల్ సెల్‌ను ముందుంచుకొని రాస్తున్నా, ఇలాంటి ప్రతి బిడ్డ తల్లిదండ్రులనూ మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

ఈ నొప్పికి ఒక చిత్రమైన లక్షణం ఉంది. దానికి సాక్షి లేడు. కాలు విరిగితే ఎక్స్‌రే చెబుతుంది, జ్వరమొస్తే థర్మామీటర్ చెబుతుంది. ఈ నొప్పి తీవ్రతను చూపే రక్తపరీక్ష గాని, ఫొటో గాని నేటికీ లేదు. పైకి గాయముండదు, వాపు కూడా చాలాసార్లు ఉండదు. నిన్న సాయంత్రం వీధిలో పరుగెత్తిన పిల్లవాడు ఈ వేకువ "అమ్మీ, కాళ్ళు" అని ఏడిస్తే, ఆ ఏడుపు ఒక్కటే ఆధారం. దానిని నమ్మాలా వద్దా అన్నది పెద్దల నిర్ణయం. బిడ్డ జీవితంలో చాలా భాగం ఆ నిర్ణయం మీదనే నడుస్తుంది.

నమ్మని ఇళ్ళలో వినిపించే మాటలు మనకు తెలియనివి కావు. "మదర్సాకు పోవలసి వస్తే చాలు వీడికి కాళ్ళనొప్పి వస్తుంది." "ఇప్పుడే కదా ఫోనులో ఆడుకున్నావు, అప్పుడు లేని నొప్పి ఇప్పుడెక్కడిది?" "నీ ఈడు పిల్లలు ఉపవాసాలుంటున్నారు, నువ్వు ఇంతమాత్రం ఓర్చుకోలేవా?" రెండవ మాటను కొంచెం ఆగి పరిశీలించాలి. దీర్ఘవ్యాధి ఉన్న పిల్లలు నొప్పిలోనే ఆడతారు, నొప్పిలోనే నవ్వుతారు, అలసి నొప్పిలోనే నిద్రపోతారు. ఆట వారికి తమంతట తాము కనుగొన్న మందు. ఫోనులో తల దూర్చిన బిడ్డకు నొప్పి లేదని అనుకోవడమంటే, బండను ఎత్తి పట్టుకున్నవాడు నిలబడే ఉన్నాడు కనుక దానికి బరువు లేదని అనుకోవడమే.

మరొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దీనికి దెబ్బలు తిన్న పిల్లలున్నారు. సికిల్ సెల్ మూత్రపిండాలను కూడా తాకుతుంది. అవి నీటిని పట్టి ఉంచలేవు. అందువల్ల ఈ పిల్లలు మాటిమాటికీ మూత్రానికి వెళతారు, పెద్దయ్యాక కూడా పక్క తడుపుతారు. దానికి సోమరితనమని పేరు పెట్టి, రాత్రిళ్ళు నీళ్ళు ఇవ్వడం మానేసే తల్లులున్నారు. నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, చిక్కబడితే తెల్లవారేసరికి నొప్పి రేగుతుంది. పక్కబట్టలు ఉతకడం కష్టమే, కాని ఆ బిడ్డకు నీళ్ళు ఆపకూడదు.

పిల్లల నొప్పిని నమ్మకపోవడంలో చదువురాని తల్లులనే తప్పుపట్టడం న్యాయం కాదు. వైద్యశాస్త్రమే దీర్ఘకాలం వారితో కలిసి నడిచింది. పుట్టిన బిడ్డకు నరాలు ఇంకా పక్వం కాలేదనీ, నొప్పి సరిగా తెలియదనీ తలచి, పసికందులకు తగినంత మత్తు ఇవ్వకుండానే శస్త్రచికిత్సలు చేసిన కాలం మన తరం చూసిన కాలమే. మన దేశంలో, ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, తన సహచరులతో కలిసి 1987లో ప్రచురించిన పరిశోధనలు ఆ నమ్మకాన్ని పునాదులతో కదిలించాయి. నొప్పిని అణచే మందు అందిన శిశువులు ఆపరేషన్ తరువాత మెరుగ్గా కోలుకోవడం ఆయన చూపాడు. నోరులేని శిశువు బాధను పెద్ద చదువులు చదివినవారే అంతకాలం కాదన్నారంటే, నోరున్న పిల్లవాడి మాటను ఇంటిలో కాదనడం ఎంత సులభమో ఊహించండి.

అయితే మన ఇళ్ళలో ఈ నిరాకరణ తరచు ధర్మం పేరుతో జరుగుతున్నదన్నదే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది. "సబర్ కరో బేటా" అన్న మాట ప్రేమతో పలికినదే కావచ్చు. కాని ఏడేళ్ళ బిడ్డ దానిని ఎలా అర్థం చేసుకుంటాడు? నొప్పి అని చెబితే అల్లాహ్‌కు ఇష్టం ఉండదని అర్థం చేసుకుంటాడు. తరువాత చెప్పడం మానేస్తాడు. ఇంట్లోవారు బిడ్డకు ఓర్పు అలవడిందని సంతోషిస్తారు. ఛాతీలో నొప్పి మొదలై శ్వాస భారమైన రోజున కూడా వాడు చెప్పడు. సికిల్ సెల్‌లో ఛాతీనొప్పి ప్రాణాంతకం కావచ్చు.

సహనానికి మారుపేరుగా మనం ఎవరిని తలచుకుంటాం? హజ్రత్ అయ్యూబ్ (అ)ను. దివ్య ఖుర్ఆన్ ఆయనను సహనశీలునిగా కొనియాడింది. అదే దివ్యగ్రంథం, ఆయన తనకు కలిగిన బాధను తన ప్రభువుకు విన్నవించుకున్న సంగతిని కూడా మనకు తెలిపింది. బాధను చెప్పుకోవడం సహనానికి విరుద్ధమైతే ఆ రెండూ ఒకే వ్యక్తి విషయంలో ఎలా పొసగుతాయి? దైవప్రవక్త (స) తీవ్రజ్వరంతో ఉన్నపుడు హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) చేయి వేసి చూసి, జ్వరం చాలా ఎక్కువగా ఉందే అన్నారు. ఆయన (స) కాదనలేదు. ఇద్దరు మనుషులకు కలిగేంత జ్వరం తనకు కలుగుతుందని అంగీకరించారు. తన బాధను చిన్నది చేసి చూపడం ఆ మహనీయుని పద్ధతి కాలేదు.

అన్నిటికన్నా హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి) వృత్తాంతం నాకు ఈ విషయంలో పాఠంలా తోస్తుంది. ఆయనకు చాలాకాలంగా శరీరంలో ఒకచోట నొప్పి ఉండేది. ప్రవక్త (స) వద్ద ఆ మాట చెప్పుకున్నారు. ప్రవక్త (స) ఆయనను ఓర్పు లేనివాడని మందలించలేదు. నొప్పి ఉన్నచోట చేయి ఉంచి, మూడుసార్లు బిస్మిల్లాహ్ పలికి, ఏడుసార్లు అల్లాహ్ శరణు వేడుకోమని నేర్పారు. ఇందులో రెండు పనులున్నాయి. నొప్పి ఉన్నదన్న మాటను నమ్మడం ఒకటి. బాధపడుతున్న మనిషి చేతికి చేయదగిన పనిని ఒకదానిని అప్పగించడం రెండవది. ఈ దుఆను అయిదారేళ్ళ బిడ్డ కూడా నేర్చుకోగలడు. మందు వేసుకున్న తరువాత, అది పనిచేయడానికి పట్టే అరగంటలో, తన చేతితో తన మోకాలిని పట్టుకొని చదువుకోగలడు. మందుకు బదులుగా అనడం లేదని గమనించండి. ప్రతి వ్యాధికీ అల్లాహ్ నివారణను కూడా దించాడని, చికిత్స చేయించుకోవాలని నేర్పిన ధర్మం మనది.

మరొక మాట విని నేను చాలాసార్లు కలత చెందాను. ముల్లు గుచ్చుకున్నా విశ్వాసి పాపాలు రాలుతాయని హదీసు ఉంది. అది పెద్దలకు గొప్ప ఓదార్పు. దానిని అలాగే తీసుకువెళ్ళి పసిబిడ్డ మంచం పక్కన చెబితే, బిడ్డ మనసులో లేచే ప్రశ్న ఒకటే – నేను ఏ పాపం చేశాను? యుక్తవయసు వచ్చేవరకు బిడ్డ కర్మలు రాసే కలం ఎత్తివేయబడి ఉంటుందని మనకు తెలుసు. వాడికి కడగవలసిన పాపమేదీ లేదు. ఆ మాటను తల్లిదండ్రులు తమ రాత్రి మేల్కొలుపులకు అన్వయించుకొని ధైర్యం తెచ్చుకుంటే సముచితంగా ఉంటుంది. ఓర్పు వహించవలసిన వంతు మొదట వారిది.

ఇక రెండవ రకపు ఇళ్ళు. ఇక్కడ బిడ్డ నొప్పిని అందరూ నమ్ముతారు, అవసరానికి మించి నమ్ముతారు. బిడ్డ "కాలు" అనగానే తల్లి గుండెలు బాదుకుంటుంది, నానీ ఏడుపు అందుకుంటుంది, తండ్రికి ఫోను వెళుతుంది. అయిదు నిమిషాలకొకసారి "ఇంకా నొప్పి ఉందా బేటా? తగ్గిందా? పెరిగిందా?" అని అడుగుతూనే ఉంటారు. బడి మాన్పిస్తారు, ఆట మాన్పిస్తారు, చివరికి బిడ్డను పలకరించే మాటే నొప్పి అవుతుంది. ఇది ప్రేమే. కాని దీని ఫలితం ఏమిటో కొలిచి చూసినవారున్నారు.

అమెరికాలో లిన్ వాకర్ బృందం 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, తరచు కడుపునొప్పితో బాధపడే పిల్లలకూ, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ కడుపు పట్టేంత నీరు తాగించారు. సహజంగానే కడుపులో ఇబ్బంది మొదలైంది. కొందరు తల్లిదండ్రులకు ఆ ఇబ్బంది గురించే మాట్లాడమని, సానుభూతి చూపుతూ ఉండమని చెప్పారు. కొందరికి వేరే మాటలలోకి మళ్ళించమని చెప్పారు. మరికొందరికి ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పని జట్టుతో పోలిస్తే, ఇబ్బంది గురించే మాట్లాడిన తల్లిదండ్రుల పిల్లలు దాదాపు రెట్టింపుసార్లు బాధ చెప్పుకున్నారు. మాట మళ్ళించిన చోట ఆ సంఖ్య సగానికి తగ్గింది. అసలు విశేషం తరువాతిది. నొప్పి ఉన్న పిల్లలు, మాట మళ్ళించడమే తమకు హాయినిచ్చిందన్నారు. వారి తల్లిదండ్రులేమో, అలా చేయడం వల్ల బిడ్డకు హాని కలుగుతుందేమోనని భయపడ్డారు. బిడ్డకు ఏది ఊరటో, తల్లికి అది నిర్దయగా తోచింది. కెనడాలో క్రిస్టీన్ చాంబర్స్ బృందం 2002లో ఇలాంటిదే మరో ప్రయోగం చేసింది. చల్లని నీటిలో చేయి ఉంచిన ఆడపిల్లలు, తల్లి మాటతీరు నొప్పి చుట్టూ తిరిగినపుడు ఎక్కువ నొప్పిని తెలిపారు. మగపిల్లలలో ఆ తేడా కనిపించలేదు.

ఈ ప్రయోగాలను సికిల్ సెల్‌కు యథాతథంగా అతికించకూడదు. నీరు తాగిన కడుపు కాసేపటికి తేలికపడుతుంది, నాళం మూసుకున్న ఎముక అలా కాదు. ముందు బిడ్డను పరిశీలించాలి, మందు ఇవ్వాలి, ప్రమాద సూచనలు లేవని నిర్ధారించుకోవాలి. ఆ తరువాతనే కథలైనా, ఆటలైనా. "ఏం లేదులే" అని నొప్పినుంచి తప్పించుకోవడానికి మాట మార్చడం వేరు, "నొప్పి ఉన్నదని నాకు తెలుసు, మందు వేశాను, ఇప్పుడు మన యూసుఫ్ (అ) కథ ఎక్కడ ఆగిందో చెప్పు" అనడం వేరు. మొదటిదానిలో బిడ్డ ఒంటరివాడవుతాడు. రెండవదానిలో నొప్పి పక్కన ఒక మనిషి కూర్చుని ఉంటాడు.

"ఏం కాదు, ఏం కాదు" అన్న మాట గురించి కూడా పరిశోధకులు ఒక సంగతి గమనించారు. సూదిమందు వేళ పెద్దలు ఈ మాట ఎంత ఎక్కువగా అంటే పిల్లల కలవరం అంత ఎక్కువగా కనిపిస్తుంది. బిడ్డ వినేది మాటను కాదు, గొంతులోని వణుకును. అమ్మీ ఇంతగా చెబుతున్నదంటే ఏదో అవుతుందన్నమాట అని వాడు లెక్క కడతాడు.

అయితే తల్లి కన్నీరు పెట్టకూడదా? దైవప్రవక్త (స) పసివాడైన తన కుమారుడు ఇబ్రాహీం చివరి ఘడియలలో కన్నీరు కార్చారు. చూసిన సహచరుడు ఆశ్చర్యపడితే, ఇది కారుణ్యమని చెప్పారు. కన్నీటికి మన ధర్మంలో అడ్డు లేదు. కాని ఆ కన్నీటి వెనుక చాలాసార్లు ఇంకొకటి ఉంటుంది, అది అపరాధభావం. సికిల్ సెల్ బిడ్డ పుట్టిన ఇంటిలో అత్తగారి వేలు కోడలి వైపు చూపించడం మామూలైపోయింది. ఈ జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. ఇందులో తల్లి వాటా ఎంతో తండ్రి వాటా అంతే. నింద మోస్తున్న తల్లి, బిడ్డ ప్రతి మూలుగునూ తన మీద తీర్పులా వింటుంది. కొందరు ఆ తీర్పు వినలేక నొప్పినే కాదంటారు, కొందరు బిడ్డను కదలనివ్వరు. ఆ ఇద్దరు తల్లులూ బయటికి కనిపించేంత వేరు కాదని నా అభిప్రాయం. తండ్రులు ఒక్కసారి నలుగురి ముందు "ఇది నా రక్తం నుండి కూడా వచ్చింది" అని చెప్పగలిగితే ఆ ఇంట్లో బిడ్డ నొప్పి సగం భారం దిగుతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాలలో నిఖాహ్‌కు ముందు రక్తపరీక్ష గురించి మరొకసారి వివరంగా రాస్తాను.

తండ్రుల మాట వచ్చింది కనుక ఒక విషయం. మా ఊరి సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో తిరిగి తెరుచుకునేవరకు, పని వెతుక్కుంటూ మగవారు ఊరు విడిచిన ఇళ్ళెన్నో. అలాంటి ఇళ్ళలో దీర్ఘవ్యాధి ఉన్న బిడ్డను చూసే భారమంతా ఒక్క మనిషి మీద పడుతుంది. వంటరిగా రాత్రంతా మేల్కొన్న తల్లి ఉదయం బిడ్డ మీద విసుక్కుంటే, ఆమె వైఖరి మార్చుకోవాలని వ్యాసాలు రాయడం తేలిక. ఆమెకు నాలుగు గంటల నిద్ర దొరికేలా బిడ్డ పక్కన కూర్చునే పిన్నియో, ఖాలాయో ఆ వ్యాసాలకన్నా మేలు చేస్తుంది.

ఆచరణలోకి వద్దాం. నొప్పిని అడిగే వేళలు పెట్టుకోండి, మందు ఇచ్చేముందు ఒకసారి, ఇచ్చిన గంటకు ఒకసారి. మధ్యలో అడగవద్దు, బిడ్డ చెబితే వినండి. ఎంత నొప్పో మాటలలో చెప్పలేని పసివారికి నాలుగు చింతగింజలు ఇవ్వండి. ఒక గింజ అంటే కొంచెం, నాలుగూ అంటే ఇంతకన్నా ఎక్కువ ఉండదు. విదేశాలలో నర్సులు ఇదే పనికి ఎర్రని బిళ్ళలు వాడతారు, మన చింతగింజలు వాటికేమీ తీసిపోవు. బిడ్డ మూడు గింజలు తీస్తే మూడే అని పుస్తకంలో తేదీతో రాసుకోండి. బేరమాడకండి. గోరువెచ్చని కాపడం పెట్టండి, మంచుగడ్డ ఎన్నడూ వద్దు. నీరు, గంజి, మజ్జిగ మాటిమాటికీ తాగించండి. డాక్టరు రాసిన నొప్పి మాత్రను నొప్పి నాలుగు గింజలయ్యేవరకు దాచి ఉంచకండి, మొదట్లోనే ఇస్తే తక్కువతో అణగుతుంది. డాక్టరు హైడ్రాక్సీయూరియా ప్రారంభించి ఉంటే, నొప్పి లేని నెలలలో కూడా అది రోజూ పడాలి. నొప్పి రాకపోవడానికి అది కారణమని మరచి మానేసేవారు చాలామంది.

101 డిగ్రీల జ్వరం, ఛాతీనొప్పి, శ్వాస భారం, ఉన్నట్టుండి పాలిపోయి పొట్ట ఎడమవైపు ఉబ్బడం, చేయి గాని కాలు గాని పట్టు తప్పడం, మాట తడబడడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గింజలు లెక్కించే సమయం కాదు, తెల్లవారేవరకు ఆగే సమయమూ కాదు. ఊదించి, తావీజు కట్టించి చూద్దామనుకునే వేళ అసలే కాదు.

ఆసుపత్రికి వెళ్ళేటపుడు పాత కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో ఉంచుకోండి. రాజేంద్రనగర్ ప్రాంతంలో 1998 నుండి పనిచేస్తున్న తలసీమియా, సికిల్ సెల్ సొసైటీకి గాని, మరో పెద్ద ఆసుపత్రికి గాని భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో సుమారు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించి వెళ్ళినపుడు, అక్కడి నిపుణుని చేత ఒక చీటీ రాయించుకోండి – ఈ బిడ్డకు నొప్పి రేగితే ఏ మందు, ఎంత మోతాదు అని. రాత్రివేళ దగ్గరి ఆసుపత్రిలో ఉన్న కొత్త డాక్టరుకు ఆ చీటీ మీ వాదనకన్నా బాగా పనిచేస్తుంది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ ఇవ్వవలసి వస్తే "మత్తుకు అలవాటుపడతాడేమో" అని మీరే అడ్డుపడకండి. వైద్యుల పర్యవేక్షణలో, నొప్పి ఉన్నంతకాలమే ఇచ్చే మందు వ్యసనం కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించినపుడు, బాధపడే రోగులకు మార్ఫిన్ అందడం సులభం కావాలన్నదే ఉద్దేశం. సికిల్ సెల్‌ను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిందన్న సంగతిని కూడా ఆ కవరులోని కాగితాలు చూపించేటపుడు గుర్తుంచుకోండి.

బడిలో మాస్టారుకు మూడు విషయాలు చెబితే చాలు. నీళ్ళ సీసా దగ్గర ఉండనివ్వాలి, అడిగినపుడు మూత్రానికి పంపాలి, చలికాలపు ఉదయం ప్రార్థన సమావేశంలో నిలబెట్టకూడదు. అంతకుమించి ప్రత్యేకత కోరకండి. నొప్పి లేని రోజున బిడ్డ బడికి వెళ్ళవలసిందే, హోంవర్కు చేయనిదానికి చీవాట్లు తినవలసిందే. నొప్పితో మంచంపట్టిన రోజున మాత్రమే అమ్మీ పక్కన కూర్చుని కథ చెబుతుందని బిడ్డకు తెలిస్తే, వాడు నొప్పినే కోరుకున్నా తప్పు వాడిది కాదు. బాగున్న రోజున కూడా ఆ కథ సాగాలి.

రమజాన్ సంగతి చాలామంది అడుగుతారు. వ్యాధిగ్రస్తునికి ఉపవాసంలో సడలింపును దివ్య ఖుర్ఆనే ఇచ్చింది. యుక్తవయసు రాని బిడ్డకు అది విధి కానే కాదు. సికిల్ సెల్ ఉన్న బిడ్డ పగలంతా నీరు లేకుండా ఉండడం నొప్పిని పిలిచి కూర్చోబెట్టడమే. అయినా పదేళ్ళ పిల్లవాడు అన్నతో పాటు రోజా ఉంటానని పంతం పడతాడు. చుట్టాలు "మా వాడు ఏడేళ్ళకే ఉన్నాడు" అంటారు. ఆ మాటకు తల్లిదండ్రుల ముఖం చిన్నబోతే బిడ్డ దానిని వెంటనే పసిగడతాడు. వాడిని కూడా సహరీకి లేపండి, అందరితో కూర్చోబెట్టి తినిపించండి, నీళ్ళ సీసా వాడి ముందే పెట్టి మధ్యాహ్నం తాగవలసింది ఎంతో గీత గీసి చూపండి. మగ్రిబ్ అజాన్‌కు ముందు దస్తర్‌ఖాన్ పరచి, ఒక్కొక్కరి ముందు ఖర్జూరాలు లెక్కించి పెట్టే పనిని ఆ నెల అంతా వాడికే అప్పగించండి.